త్రవ్వకం, ఉత్ఖననం: చిత్తూరు, తిరుపతి ప్రాంత పదవ్యవహారం

తెలుగు నిఘంటువుల్లో గుంట, గుంత, గొయ్యి, పల్లము వంటి మాటలు తరచుగా ఒకదానికొకటి అర్థాలుగా కనిపిస్తాయి. చిత్తూరు, తిరుపతి ప్రాంతపు వాడుకను పరిశీలిస్తే ఈ పర్యాయపద పద్ధతి చాలదని తెలుస్తుంది. ఇక్కడ త్రవ్విన చోటికి పేరు ఆకారాన్నిబట్టి కంటె అవసరాన్నిబట్టే ఏర్పడింది. ధాన్యం దాచేది పాతర. శవాన్ని పూడ్చేది బొంద. మామిడి మొక్క చుట్టూ నీరు నిలిపేది పాదు. ఎండిన ఏటి ఇసుకలో చేతులతో తోడుకొనేది చెలమ.

క్రియలు ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తాయి. బావి త్రవ్వుతారు, పునాదికి గుంత తీస్తారు, చెలమ తోడుతారు. బోరు మాత్రం వేస్తారు. 'తోడు' ధాతువుకు సోదర రూపాలు తమిళ కన్నడాల్లో త్రవ్వడమనే అర్థంలో ప్రబలంగా ఉండగా, తెలుగులో అది ప్రధానంగా నీటికి పరిమితమైంది. మూడు భాషలు కలిసే చిత్తూరులో ఇది ప్రత్యేకంగా గమనింపదగినది. తమిళంలో త్రవ్వడాన్ని తెలిపే 'అగళ్' ధాతువుకు తెలుగులో మిగిలిన బంధువు 'అగడ్త'. పురావస్తు త్రవ్వకాన్ని తమిళులు ఆ ధాతువుతోనే 'అగళాయ్వు' అన్నారు; తెలుగు విద్వాంసులు సంస్కృత 'ఉత్ఖననం' స్వీకరించారు.

ఈ ఎంపిక నిర్దోషమైనది కాదు. 'ఉత్' అనే ఉపసర్గ పైకి తీయడాన్ని సూచిస్తుంది. గుడిమల్లంలో 1973లో భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు చెందిన ఇంగువ కార్తికేయ శర్మ జరిపిన పరిశోధన ఆ అర్థంలో ఇమడదు. అక్కడి లింగం ఉన్నచోటనే ఉంది. దాని చుట్టూ ఒకప్పుడున్న రాతి కంచె, ఇటుక కట్టడపు ఆనవాళ్ళు వెలుగు చూశాయి. ఏ పొర మీద ఏ పొర పడిందన్న జ్ఞానమే అక్కడి ఫలితం. గుప్తనిధుల కోసం నేలను పెకలించేవారు మొదట ధ్వంసం చేసేది సరిగ్గా దానినే. అయినా పత్రికలు రెండింటినీ 'తవ్వకాలు' అనే అంటున్నాయి.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం పదాన్ని పనితో ముడిపెట్టి సేకరించింది. తరువాతి నిఘంటుకర్తలకు అనుసరణీయమైన మార్గమది. కపిల బావికి ఒర, ఊట, జల, పూడిక, మెట్లు అంటూ ఎన్నో మాటలు కావలసివచ్చాయి, మనిషి అందులోకి దిగేవాడు గనుక. మనిషి దిగలేని బోరుకు అడుగుల లెక్క చాలుతోంది. బావులు త్రవ్విన వడ్డెర పెద్దల వద్ద జరిపే సేకరణలో నామపదంతో పాటు దానికి చెల్లే క్రియను కూడా నమోదు చేయవలసి ఉంది.