చెవులు నిక్కిన క్షణం

హెచ్.ఎం.వి. రికార్డు చేత్తో పట్టుకోని తరం వచ్చేసింది గానీ, ఆ కుక్కను ఎరగనివాళ్లు ఇప్పటికీ తక్కువే. గ్రామఫోను గొట్టం ముందు కూర్చుని, తల కాస్త పక్కకు వాల్చి, లోపలినుంచి వస్తున్న గొంతు ఎవరిదా అని వింటున్న తెల్ల కుక్క. కలకత్తా దగ్గర దమ్‌దమ్‌లో తయారై మన ఊళ్లకు వచ్చిన నాటక పద్యాల రికార్డుల మీద, సినిమా పాటల రికార్డుల మీద అది గిరగిరా తిరిగింది. పాట ఎవరు రాశారో, ఎవరు కట్టారో మరిచిపోయిన ఇళ్లలో కూడా ఆ బొమ్మ మాత్రం గుర్తుండిపోయింది.

ఆ కుక్క పేరు నిప్పర్. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టింది, 1895లో చనిపోయింది. ఫ్రాన్సిస్ బరోడ్ అనే చిత్రకారుడు దాని బొమ్మ వేసింది ఆ తర్వాతే. మొదట వేసినప్పుడు కుక్క ముందున్నది గ్రామఫోను కాదు, ఎడిసన్ తరహా ఫోనోగ్రాఫు. ఆ పెట్టెలు అమ్మే కంపెనీ బొమ్మ తమకు అక్కర్లేదంది. 1899లో గ్రామఫోన్ కంపెనీ మేనేజరు చూసి, ఆ యంత్రం తీసేసి మా యంత్రం వేసిస్తే కొనుక్కుంటామన్నాడు. బరోడ్ పాత యంత్రం మీదే కొత్తది దిద్ది ఇచ్చాడు. బొమ్మకు యాభై పౌన్లు, హక్కులకు మరో యాభై. అసలు పటాన్ని వెలుతురులో ఏటవాలుగా చూస్తే అడుగునున్న పాత యంత్రం జాడ ఇప్పటికీ తెలుస్తుందంటారు. యంత్రం మారినా బొమ్మ చెడలేదంటే, దాని ప్రాణం యంత్రంలో లేదన్నమాట. ఉన్నదంతా ఆ తల వంపులో ఉంది.

కుక్కను బొమ్మకట్టే విద్య మొత్తం ఆ వంపు చుట్టూ తిరుగుతుందని నా అభిప్రాయం. మనిషిని కూర్చోబెట్టి ఇటు చూడమంటే చూస్తాడు. తను ఎలా పడుతున్నాడో అని లోపల లెక్క వేసుకుంటూ చూస్తాడు. కుక్కకు ఆ లెక్క లేదు. దాని ధ్యాస దేనిమీదుంటే ముఖం అటే. కాబట్టి చిత్రకారుడైనా ఫోటోగ్రాఫరైనా ముందు దాని ధ్యాసను పట్టాలి, ఆ తర్వాతే రూపాన్ని. చెవులు నిక్కి, మూతి ముడుచుకుని, కళ్లు ఒకచోట నిలిచే ఆ క్షణం రెండు మూడు సెకన్లకు మించి ఉండదు.

పాశ్చాత్య చిత్రకళలో కుక్క చాలాకాలం మూలకే పరిమితం. 1434లో యాన్ వాన్ ఐక్ వేసిన ఆర్నోల్ఫినీ దంపతుల పటంలో వాళ్ల కాళ్ల దగ్గర బొచ్చుకుక్క ఉంటుంది. 1656 నాటి వెలాస్కెజ్ పటం ‘లాస్ మెనీనాస్’లో అందరికన్నా ముందు, నేలమీద పెద్ద కుక్క పడుకుని ఉంటుంది. పక్కనున్న కుర్రాడు దాని వీపుమీద కాలు పెట్టి కదిలిస్తున్నా అది కళ్లు సగం మూసుకుని పట్టించుకోదు. రాకుమారి, చెలికత్తెలు, అద్దంలో రాజు, రాణి, వేస్తున్న చిత్రకారుడు... ఆ గదిలో దాదాపు అందరూ ఎవరో ఒకరి చూపు కోసం నిలబడి ఉన్నారు. ఆ అవసరం లేనిది అదొక్కటే. వెలాస్కెజ్ కావాలనే దాన్ని అంత ముందుకు తెచ్చి పడుకోబెట్టాడనిపిస్తుంది నాకు.

కుక్కను మధ్యలోకి తెచ్చినవాళ్లలో పేరున్నవాడు ఎడ్విన్ ల్యాండ్‌సీర్. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు ఆయనకు నీరాజనం పట్టింది. నలుపు తెలుపు మచ్చల న్యూఫౌండ్‌లాండ్ కుక్కలకు ఇప్పటికీ ఆయన పేరే వాడుక. 1837లో ఆయన వేసిన బొమ్మలో గొర్రెల కాపరి చనిపోయి శవపేటికలో ఉంటాడు, పేటిక మీదున్న దుప్పటికి తల ఆనించి అతని కుక్క ఉంటుంది. జాన్ రస్కిన్ అంతటి విమర్శకుడు దాన్ని మెచ్చుకున్నాడు. బొచ్చు వేసిన తీరు, ఉన్ని దుప్పటి బరువు, ఖాళీ కుర్చీ, అన్నీ గొప్పగానే ఉంటాయి. కానీ ఆయన మిగతా బొమ్మలు చాలావాటిలో కుక్క కళ్లలో మనిషి శోకం, మనిషి గర్వం తెచ్చి పెట్టాడు. అవి కుక్కలు కావు, బొచ్చు కోటు వేసుకున్న పెద్దమనుషులు. నేటి క్యాలెండర్లలో, ఫోన్ స్టేటస్‌లలో కళ్లనీళ్లు పెట్టుకునే కుక్కపిల్లల ఫోటోలకు మూలపురుషుడు ఆయనే.

ల్యాండ్‌సీర్‌కు దాదాపు తొమ్మిది వందల ఏళ్ల ముందే మన దక్కనులో ఒక శిల్పి ఇంతకన్నా నిజాయతీగా పని చేశాడు. కర్ణాటకలో మండ్య దగ్గర ఆతకూరులో దొరికిన వీరగల్లు ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. రాష్ట్రకూట మూడవ కృష్ణుడి కాలపు రాయి, సుమారు 949 నాటిది. తక్కోలం యుద్ధంలో చోళ రాజాదిత్యుడు పడిన సంగతీ అందులో చెక్కారు. కానీ రాతిమీద బొమ్మ యుద్ధానిది కాదు. ఒక జాగిలం, ఒక అడవిపంది తలపడి ఉంటాయి. గంగరాజు బూతుగుడి సేవకుడు మనలేరుడు మెప్పుగా ఏం కావాలంటే కాళి అనే వేటకుక్కను అడిగి తీసుకున్నాడట. దాన్ని పెద్ద పందిమీదికి వదిలితే రెండూ పోరాడి చచ్చాయి. అందుకే ఆ రాయి. మాన్యం ఇచ్చిన దొర పేరు పక్కన కుక్క పేరు కూడా శాసనానికెక్కింది. రాతిలో కాళి ముఖాన దుఃఖం లేదు, త్యాగం లేదు. ఎదురుగా పంది ఉంది, దాని ధ్యాస పందిమీద ఉంది.

కెమెరా వచ్చిన కొత్తలో కుక్క దానికి లొంగలేదు. ఎక్స్‌పోజర్‌కు సెకన్లకు సెకన్లు పట్టే రోజులు. మనుషులనే మెడ వెనక ఊతం పెట్టి నిలబెట్టేవాళ్లు. తోక ఉన్న చోట పొగ మిగిలేది. తర్వాత ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి జంతువుల కదలికలను ముక్కలు ముక్కలుగా పట్టాడు; 1887లో వెలువడ్డ ఆయన సంపుటంలోని 781 పలకల్లో కుక్కలకూ చోటుంది. ఇక్కడో తమాషా. గుర్రం పరుగెత్తేటప్పుడు ముందుకాళ్లు ముందుకు, వెనక కాళ్లు వెనక్కు చాచి గాలిలో తేలినట్టు పాత చిత్రకారులు వేసేవారు. అది తప్పని, గుర్రం కాళ్లు గాలిలో ఉండేది అవి పొట్టకిందికి ముడుచుకున్నప్పుడేనని కెమెరా తేల్చింది. కానీ గ్రేహౌండ్ జాతి కుక్క అలా చాచుకునే తేలుతుంది, ముడుచుకునీ తేలుతుంది, ప్రతి దూకులో రెండుసార్లు. పాపం ఆ చిత్రకారుల కన్ను మరీ తప్పేం కాదు. కుక్క పరుగు తెచ్చి గుర్రానికి తగిలించారేమో. ఇటలీలో జకోమో బాల్లా 1912లో ఇలాంటి ఫోటోల ప్రభావంతోనే గొలుసు కట్టిన పొట్టి కుక్కను వేశాడు: ఒకే కుక్కకు లెక్కలేనన్ని కాళ్లు, తోకలు, పక్కన యజమానురాలి పాదాలు కూడా అంతే. నడుం పైన ఆమె మనకు కనిపించదు.

నడుం కిందనే ఫ్రేము కత్తిరించడం ఎలియట్ ఎర్విట్ చేతిలో ఒక విద్యగా ఎదిగింది. పారిస్‌లో 1928లో పుట్టి, ఇటలీలో పెరిగి, పదేళ్ల వయసులో అమెరికా చేరిన ఎర్విట్, 1953లో మ్యాగ్నమ్ ఫోటోగ్రాఫర్ల సంఘంలో చేరాడు. 2023లో తొంభై అయిదేళ్ల వయసులో పోయాడు. నిక్సన్, క్రుశ్చేవ్ వాగ్వాదం, భర్త అంత్యక్రియల్లో జాక్వెలిన్ కెనడీ, ఇలాంటి చరిత్ర ఫోటోలెన్నో తీసినవాడు కుక్కల మీద నాలుగైదు పుస్తకాలు తెచ్చాడు. 1974 నాటి న్యూయార్క్ ఫోటో చూడండి. ఒక పక్క పొడవాటి రెండు కాళ్లు, మధ్యన ఆడమనిషి బూట్లు, ఇంకో పక్క ఊలు టోపీ, కోటు వేసుకున్న గుప్పెడంత చువావా. ఆ పొడవాటి కాళ్లు గ్రేట్ డేన్ కుక్కవని మనకు ఒక్క నిమిషం ఆలస్యంగా తడుతుంది. తలలున్న ఫోటో అయితే ఇది మామూలు షికారు బొమ్మ. కెమెరా కిందికి దిగి చువావా కంటి ఎత్తున ఆగింది కాబట్టి, ఈ ముగ్గురిలో ముఖం ఉన్న మనిషి చువావా అయింది. మిగతా ఇద్దరూ స్తంభాలు.

ఎర్విట్ దగ్గర ఇంకో కిటుకుంది: కుక్కల్ని చూసి మొరిగేవాడు. నవ్వులాటకు కాదు. నడుస్తున్న కుక్క తల తిప్పాలి, లేకపోతే ఎగరాలి, అంతకు మించి అక్కర్లేదు. యజమాని ఏమిటా అని తేరుకునేలోపు షట్టర్ పడిపోయేది.

స్టూడియోల్లో ఈ పనికి కిచకిచమనే రబ్బరు బొమ్మలు వాడతారు. మొదటిసారి నొక్కగానే చెవులు లేస్తాయి, తల వాలుతుంది. రెండోసారి సగమే. మూడోసారికి కుక్క ఆవులిస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ముందు ఫోకస్, వెలుతురు, నేపథ్యం అన్నీ సరిచూసుకుని, వేలు షట్టర్ మీద పెట్టాకే బొమ్మ నొక్కుతారు. కుక్క పేరు పెట్టి పదేపదే పిలిచే యజమానిని బయట కూర్చోబెడతారు. లేకపోతే అది లేచి ఆయన ఒళ్లోకి వెళ్తుంది.

కుక్క ముఖం తెచ్చిపెట్టే చిక్కు ఇంకొకటి, మూతి పొడవు. మనిషి ఫోటోకు వాడినట్టు అపర్చర్ బాగా తెరిచి తీస్తే, కన్ను పదునుగా వచ్చినా ముక్కు మసకబారిపోతుంది. కాస్త బిగించక తప్పదు. ఇప్పటి కెమెరాలు జంతువు కన్నును వాటంతటవే పట్టుకుంటాయి. సోనీ ఆ సదుపాయాన్ని 2019లో తెచ్చింది. అయినా నల్లకుక్క దగ్గర యంత్రం తెల్లమొహం వేస్తుంది. ఫ్రేము నిండా నలుపు కనిపిస్తే వెలుతురు చాలలేదనుకుని కెమెరా ఎక్స్‌పోజర్ పెంచుతుంది, కుక్క బూడిదరంగులోకి దిగుతుంది, వెనక గోడ వెలిసిపోతుంది. ఒక మెట్టు తగ్గించాలి. తగ్గిస్తే బొచ్చులో కన్ను కలిసిపోతుంది. దానికి మందు ఫ్లాష్ కాదు. కుక్క కంటి వెనకనున్న పొర ఆ కాంతిని తిప్పికొట్టి కళ్లను పచ్చని బల్బులు చేస్తుంది. కిటికీ వైపు, గుమ్మం వైపు ముఖం తిప్పుకునేలా కూర్చోబెడితే కంటిలో చిన్న వెలుగు చుక్క పడుతుంది. ఆ చుక్క ఉంటే చాలు, నల్లకుక్కకు ముఖం వస్తుంది. తెల్లకుక్కకు ఇదంతా తలకిందులు.

కెమెరాను కుక్క కంటి ఎత్తుకు దించాలన్న ఎర్విట్ పాఠాన్ని మన వీధికుక్కల విషయంలో కొంచెం సవరించుకోవాలి. తెలియని కుక్క ఎదురుగా గొంతుకూచుని, గాజు కన్నును దాని కళ్లలోకి సూటిగా గురిపెడితే అది స్నేహం అనుకోదు. కాస్త పక్కకు తిరిగి కూర్చుని, చూపు తప్పించి, కాసేపు ఏమీ తీయకుండా ఉండటమే మేలు. దూరం నుంచి తీసే లెన్స్ ఉంటే మరీ మంచిది. పిల్లలు పెట్టిన తల్లి దగ్గరికి మాత్రం ఏ లెన్స్ ఉన్నా పోకపోవడమే.

ఇదంతా సందు దొరికితే పట్టే విద్య. సందును తనే సృష్టించుకున్నవాడు విలియం వెగ్మన్. 1970లో ఆయన ఇంటికి వీమరానర్ జాతి కుక్కపిల్ల వచ్చింది. ప్రసిద్ధ కళాకారుడి పేరే తీసుకుని దానికి మ్యాన్ రే అని పెట్టాడు. పని చేసుకుంటుంటే అది అడ్డం వచ్చేది, కట్టేస్తే గోల చేసేది. దాంతో దాన్నే పనిలో పెట్టుకున్నాడు. 1970ల నడుమ తీసిన ‘డాగ్ డ్యుయెట్’ వీడియోలో మ్యాన్ రే, మరో కుక్క పక్కపక్కన ఉంటాయి. రెండు తలలూ ఒక్కసారే ఎడమకు తిరుగుతాయి, మెల్లగా పైకి లేస్తాయి, ఆగుతాయి, చటుక్కున కిందికి వాలతాయి. కెమెరాకు అందకుండా వెగ్మన్ టెన్నిస్ బంతి ఆడిస్తున్నాడు. బంతి సంగతి తెలియక ముందు చూస్తే మాత్రం రెండు కుక్కలు ఏదో మహత్తును దర్శిస్తున్నట్టే ఉంటుంది. ధ్యాసను, దాని కారణం నుంచి విడదీసి చూపించిన పని ఇంకొకటి నాకు తట్టదు.

1979 నుంచి ఆయన పెద్ద పోలరాయిడ్ కెమెరాతో తీయసాగాడు. వంద కిలోల పైచిలుకు బరువు, ఇరవై ఇంటూ ఇరవై నాలుగు అంగుళాల ప్రింటు నిమిషం పైన కొద్దిసేపట్లో చేతికొస్తుంది. నెగెటివ్ లేదు, దిద్దుబాటు లేదు, ప్రతి నొక్కూ ఖరీదే. అంతటి యంత్రం ముందు కదలకుండా కూర్చోవడం ఆ కుక్కకు అలవాటై, ఇష్టమైంది. 1982లో మ్యాన్ రే చనిపోతే న్యూయార్క్ పత్రిక ‘విలేజ్ వాయిస్’ దాన్ని ఆ ఏటి మేటి మనిషిగా ప్రకటించింది. తర్వాత ఫే రే, దాని పిల్లలు వచ్చాయి; గౌన్లు, విగ్గులు, వెనకనుంచి ఎవరివో చేతులు వచ్చాయి. పిల్లలకు అవి సరదా. నాకు మాత్రం ఏమీ తొడగని మ్యాన్ రే చాలు.

అటు జపాన్‌లో 1971లో, అమెరికా వైమానిక స్థావరం ఉన్న మిసావా ఊళ్లో, దైదో మోరియామా ఒక వీధికుక్కను తీశాడు. ముతక గ్రెయిన్, మాడిపోయినట్టున్న నలుపు, మురికి బొచ్చు, వెనక్కి తిరిగి కెమెరా కేసి విసిరిన ఓర చూపు. యుద్ధంలో ఓడిన దేశం ముఖం అందులో ఉందని కొందరు చదువుకున్నారు. చదువుకోవచ్చు, కాదనను, కుక్కకు మాత్రం ఆ బరువు ఎక్కువే. మోరియామా తన జ్ఞాపకాల పుస్తకానికి పెట్టిన పేరు ‘కుక్క జ్ఞాపకాలు’. సందుల్లో వాసన పట్టినట్టు తిరుగుతూ, జేబులో పట్టే చిన్న కెమెరాను నడుం దగ్గర పట్టుకుని, చాలాసార్లు వ్యూఫైండర్‌లోకి చూడకుండానే నొక్కేస్తాడు. ఆయన ఫోటోల్లో వీధి అంత పెద్దదిగా, మనుషులు అంత నిటారుగా మీదికొస్తున్నట్టుగా ఉండటానికి ఒక కారణం ఆ కెమెరా ఎత్తే.