నూలుపోగు చూపే గాలిదారి

సుదూర ప్రయాణానికి ఉద్దేశించిన బిజినెస్ జెట్ అంటే పదిమందో పన్నెండుమందో ప్రయాణికులను, మధ్యలో ఎక్కడా దిగి ఇంధనం నింపుకోకుండా, ఒక ఖండం నుంచి మరో ఖండానికి చేర్చగలిగిన చిన్న జెట్ విమానం. దానిని సంపన్నుల విలాసవస్తువుగా మాత్రమే చూడడం లోకానికి అలవాటైపోయింది గాని, విమాన నిర్మాణశాస్త్రం దృష్టితో చూస్తే ఇంత కఠినమైన లెక్క అరుదు. మూడు వందల మందిని మోసే పెద్ద విమానం దాటే దూరాన్నే, అందులో నాలుగో వంతు బరువైనా లేని ఈ యంత్రం దాటవలసి ఉంటుంది. దూరం పెరగాలంటే ఇంధనం పెరగాలి, ఆ ఇంధనాన్ని మోయడానికి మరికొంత ఇంధనం కావాలి, రెండింటికీ రెక్కలో చోటు కావాలి, చోటు కోసం రెక్కను పెంచితే ఆ రెక్క బరువే మళ్లీ ఇంధనాన్ని అడుగుతుంది. ఈ చుట్టును ఎక్కడ తెంచాలో నిర్ణయించుకోవడమే రూపకల్పన. తెంచిన చోటు సరైనదో కాదో ఆకాశంలో తేల్చుకోవడమే ఫ్లైట్ టెస్టింగ్.

విమానం వెళ్లగలిగే దూరాన్ని లెక్కగట్టే సూత్రం ఫ్రెంచి విమాన నిర్మాత లూయీ బ్రెగే పేరుతో వాడుకలో ఉంది. విమానం వేగం, గాలి రెక్కను పైకెత్తే బలమైన లిఫ్టుకూ వెనక్కి లాగే బలమైన డ్రాగుకూ ఉన్న నిష్పత్తి, ఇంజను ఇంధనాన్ని వాడుకొనే పొదుపు, బయలుదేరినప్పటి బరువుకూ దిగినప్పటి బరువుకూ ఉన్న నిష్పత్తి, ఈ నాలుగూ కలిసి దూరాన్ని నిర్ణయిస్తాయని దాని సారాంశం. 2012లో అమెరికా ప్రభుత్వ ధ్రువీకరణ పొందిన గల్ఫ్‌స్ట్రీమ్ జి650 గరిష్ఠ బరువు సుమారు 45 టన్నులైతే అందులో 20 టన్నులు ఇంధనమే. దాని పరిధి 7,000 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 12,960 కిలోమీటర్లు. ఇంధనం ఖర్చయ్యేకొద్దీ విమానం తేలికపడుతుంది గనుక, పైలట్ దారి పొడవునా ఒకే ఎత్తున సాగిపోకుండా, గాలి మరింత పలచగా ఉండే పై ఎత్తులకు మెట్లు మెట్లుగా ఎక్కుతూ పోతాడు. ఇటువంటి విమానాలు 51,000 అడుగుల వరకూ వెళ్లేలా తయారవడానికి కారణం ఇదే.

అన్నిటిలోనూ మొండిది బరువు. దానిని తగ్గించడానికి విమానశాలలు బలంగా ఆశ్రయించిన దారుల్లో ఒకటి నేత. ఆ మాటను అర్థం చేసుకోవడానికి కోనసీమ పాఠకుడు అమలాపురం పక్కనే, చేనేత చీరలకు పేరుపడిన బండారులంక దాటి పోనక్కరలేదు. మగ్గం మీద నిలువుగా బిగించిన పడుగు పోగుల మధ్య నాడె అటూ ఇటూ తిరుగుతూ పేకను అల్లుతుంది. సాదా నేతలో పేకపోగు ఒక పడుగు పోగు మీదుగా, తరువాతి దాని కిందుగా వంగి వంగి సాగుతుంది. కార్బన్ ఫైబర్ గుడ్డ కూడా సరిగ్గా ఇలాగే, పడుగూ పేకగానే తయారవుతుంది. ఒక్కొక్క కార్బన్ తంతువు మందం వెంట్రుకలో పదో వంతుకు మించదు; అటువంటివి వేలకొద్దీ కలిసి ఒక పోగు అవుతాయి. నేతకు ముందు పడుగుకు గంజి పట్టించకపోతే అచ్చు రాపిడికి నూలు నూగు రేగి తెగుతుందని నేతగాళ్లందరికీ తెలుసు. కార్బన్ పోగుకూ తయారీలోనే ఒక పలుచని పూత పట్టిస్తారు, మగ్గం రాపిడికి చిట్లకుండా కాపాడడంలో దాని పని గంజి పనే, ఆపైన అది తరువాత పట్టించే జిగురుతో పోగు గట్టిగా అతుక్కోవడానికీ తోడ్పడుతుంది.

అయితే చీరకు గుణమైనదే రెక్కకు దోషమయ్యే చోటు ఒకటుంది. పోగు వంగి వంగి సాగడం వల్ల చీరకు మెత్తదనం, ఒదుగుదల వస్తాయి. కార్బన్ పోగు మాత్రం తిన్నగా ఉన్నప్పుడే పూర్తి బలం చూపుతుంది, వంపు ఉన్న చోట నొక్కుడు బలం పడితే అక్కడే ముందుగా లొంగుతుంది. అందుకే ఎక్కువ బరువు మోసే భాగాలకు పేకపోగు నాలుగో ఏడో పడుగుల మీదుగా సాగి ఒక్కదాని కిందికి మాత్రమే దిగే శాటిన్ నేతనో, అసలు అల్లికే లేకుండా ఒకే దిశలో పరచిన పోగులనో వాడుతారు. పొరమీద పొరను నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా దిశలు మార్చి పేర్చి, ఏ దిశ నుంచి బలం వచ్చినా దానికి ఎదురు నిలిచే పోగులు ఉండేటట్లు చూస్తారు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, అంటే ఎన్.ఎ.ఎల్., తన సారస్ విమానం రెక్క కోసం వెరిటీ అనే పద్ధతిని తీర్చిదిద్దింది. అందులో పొడి గుడ్డ పొరలను అచ్చులో పరచి, పైన గాలి చొరని సంచి కప్పి, లోపలి గాలిని తోడేస్తారు; ఆ శూన్యమే జిగురును పోగుపోగుకూ లాగి పట్టిస్తుంది.

సారస పక్షి పేరు పెట్టుకున్న ఆ విమానం జెట్ కాదు. వెనుకవైపు తిరిగిన రెండు ప్రొపెల్లర్లతో నెట్టుకుంటూ పోయే 14 సీట్ల చిన్న రవాణా విమానం. అయినా అధికారులను, వ్యాపారులను, రోగులను చిన్న ఊళ్ల మధ్య చేర్చే విమానాన్ని మన దేశంలోనే రూపొందించి పరీక్షించిన ప్రయత్నంగా ఈ విషయానికి దానికన్నా దగ్గరి ఉదాహరణ మనకు లేదు. 1999లో ప్రభుత్వ ఆమోదం పొందిన ఈ పథకంలో మొదటి నమూనా 2004 మే 29న బెంగళూరులో ఎగిరింది. ఎగిరిన తరువాతా వెంటాడినది బరువే: అనుకున్నదానికన్నా సుమారు 900 కిలోలు ఎక్కువగా తేలింది. 14 మందిని మోయవలసిన విమానంలో అది పదిమందికి పైగా ప్రయాణికుల బరువు. రూపకల్పన కాగితం మీద ఒక్కో భాగానికీ కలిసిన కొద్దిపాటి కిలోలు చివరికి ఎంత పెద్ద మూటవుతాయో ఇంతకన్నా స్పష్టంగా చూపే లెక్క ఉండదు. 2007 ఏప్రిల్ 18న ఎగిరిన రెండో నమూనాలో బరువును 400 కిలోల మేర తగ్గించి, మరింత శక్తిగల ఇంజన్లను అమర్చారు.

తేలికగా ఉంటే చాలదు, ఏళ్ల తరబడి తేలికగానే బలంగా ఉండాలి. ఒక్కసారి వంచితే విరగని లోహపు తీగ పదేపదే వంచితే విరగడానికి కారణమైన గుణాన్ని లోహపు అలసట అంటారు. ఎత్తుకు ఎగిరినప్పుడల్లా విమానం దేహం లోపలి గాలి ఒత్తిడికి ఉబ్బి, దిగినప్పుడల్లా సర్దుకుంటుంది. ఆ వంపుల లెక్క ప్రపంచానికి తెలిసివచ్చింది 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాలిలోనే ముక్కలైన తరువాత. బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ను నీటి తొట్టిలో ఉంచి, నీటి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ చూడగా, అంతకుముందు నిజంగా ఎగిరినవీ తొట్టిలో అనుకరించినవీ కలిపి 3,057 ప్రయాణాల దగ్గర దాని దేహం చిరిగింది. మన దేశంలో ఈ విద్యకు పునాది వేసినవారిలో ముఖ్యులు ఎస్.ఆర్. వల్లూరి.  లోహపు అలసటను పరిశోధించిన ఆ శాస్త్రవేత్త 1965 నుంచి 1984 వరకు ఎన్.ఎ.ఎల్.కు సంచాలకుడిగా ఉండి, తరువాత తేలికపాటి యుద్ధవిమానం కోసం ఏర్పడిన ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీకి తొలి డైరెక్టర్ జనరల్ అయ్యారు.

ఆ యుద్ధవిమానమే తేజస్. దాని కార్యక్రమ సంచాలకుడు కోట హరినారాయణ. ఒడిశాలోని బరంపురంలో పుట్టి, తరువాతి కాలంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసినవారు. పైలట్ చేతి కదలికను కంప్యూటర్ చదివి రెక్కల వెనుక పలకలను తిప్పే ఫ్లై-బై-వైర్ పద్ధతిని ఆయన బృందం ఎలా పరీక్షించిందో గమనించదగ్గది. సొంత విమానం ఎగరకముందే, 1996లో, దాని నియంత్రణ సూత్రాలను ఏ విమానం తీరునైనా అనుకరించగల అమెరికా ఎఫ్-16 విస్టాలో ఎక్కించి ఆకాశంలో నడిపి చూశారు. 1998లో భారత్ అణుపరీక్షల తరువాత అమెరికా విధించిన ఆంక్షలతో ఆ తలుపు మూసుకుపోగా మిగిలిన పనిని బెంగళూరులోనే ముగించారు. 2001 జనవరి 4న తేజస్ మొదటిసారి ఎగిరింది. బిజినెస్ జెట్లలో ఈ పద్ధతి మొదటిసారి వచ్చిన ఫ్రెంచి ఫాల్కన్ 7ఎక్స్ తొలి విహారం 2005 మేలో జరిగింది.

నేల మీది పరీక్షలు ఎన్ని ముగిసినా, ఆకాశంలోని పరీక్ష వాటికి కొనసాగింపే తప్ప వేడుక కాదు. ఒక కొత్త విమానం ఎంత వేగాన, ఎంత ఎత్తున, ఎంత బరువుతో క్షేమంగా ఎగరగలదో సూచించే హద్దులన్నిటినీ కలిపి ఎన్వలప్ అంటారు. దానిని ఒక్కసారిగా కాక, ఒక విహారంలో కొద్ది నాట్ల వేగం, మరో విహారంలో కొద్ది వేల అడుగుల ఎత్తు చొప్పున విస్తరిస్తారు. ఇందులో అందరూ భయపడేది ఫ్లట్టర్: ఒక వేగం దాటితే గాలి శక్తి రెక్క ఊగుడుకే ఆజ్యమై, తగ్గవలసిన ఊగుడు పెరిగి, క్షణాల్లో రెక్క విరిగిపోవచ్చు. అందుకని ప్రతి మెట్టు దగ్గరా పలకలకు చిన్న కుదుపు ఇచ్చి, ఆ కుదుపు ఎంత త్వరగా అణిగిందో నేల మీది ఇంజనీర్లు తెరల మీద చూసి సరే అన్నాకే తరువాతి మెట్టుకు వెళ్తారు. జి650 రోజువారీ ప్రయాణానికి అనుమతించిన గరిష్ఠ వేగం శబ్దవేగంలో 0.925 వంతు, పరీక్షలో మాత్రం దానిని కిందికి దూకించి 0.995 వంతు వరకూ తీసుకుపోయారు. ప్రయాణికుడు ఎన్నడూ చూడని ఆ తేడాయే అతనికి రక్ష.

ఇంత సూక్ష్మమైన పరికరాల మధ్య ఇప్పటికీ నిలిచివున్న ఒక పనిముట్టు దారప్పోగు. బెత్తెడు పొడవున్న ఉన్ని లేదా నైలాన్ పోగులను, ఒక కొస మాత్రమే టేపుతో అంటించి, రెక్క పైభాగమంతా వరుసలు వరుసలుగా అమర్చుతారు. వీటిని టఫ్ట్‌లు అంటారు. విమానం వేగం తగ్గించుకుంటూ ముక్కు పైకెత్తుతుంటే కిటికీ నుంచో వెంట ఎగిరే మరో విమానం నుంచో వాటిని కెమెరాతో తీస్తారు. పోగులన్నీ దువ్విన జుట్టులా వెనక్కి ఒరిగి ఉంటే గాలి రెక్కను అంటిపెట్టుకొని పారుతున్నట్లు. వణకడం మొదలుపెడితే గాలి పట్టు సడలుతున్నట్లు. వెనక్కి ఉండవలసిన కొస ముందుకు తిరిగిపడితే అక్కడ గాలి రెక్కను వదిలేసినట్లు. గాలి రెక్కను వదలి లిఫ్ట్ పడిపోవడాన్నే స్టాల్ అంటారు. పోగులు రెక్క మొదట్లో, దేహం దగ్గర ముందుగా చెదిరితే మంచి లక్షణం. రెక్క కొసన, విమానాన్ని పక్కలకు ఒరిగించే ఐలెరాన్ పలకల దగ్గర ముందుగా చెదిరితే విమానం ఒక్కసారిగా పక్కకు పొర్లిపోతుంది. కోట్ల విలువైన కొలమానాలు అంకెల్లో చెప్పేదానిని ఒక పోగు కంటికి కనిపించేటట్లు చెప్పడం ఈ విద్యలోని అందాల్లో ఒకటి.

ఇంకా ఎన్నో పరీక్షలు ఉన్నాయి. తోక చివర నుంచి పొడవాటి గొట్టానికి శంకువును కట్టి వెనుక ఈడ్చుకుపోతూ, విమానం కదలిక అంటని చోటి గాలి ఒత్తిడిని కొలిచి ఎత్తు చూపే మీటరు తప్పును సరిదిద్దుతారు. పై ఎత్తుల్లో విమానానికీ విమానానికీ మధ్య 1,000 అడుగుల ఎడమే ఉంటుంది గనుక ఈ కొలతలో ఉదాసీనత పనికిరాదు. అరిగిన బ్రేకులతో, నిండు బరువుతో పరుగెత్తి, ఎగరబోయే క్షణాన ఆపేస్తారు. చక్రాలు ఎర్రగా కాలినా ఐదు నిమిషాల పాటు ఎవరూ నీళ్లు చల్లకుండా అగ్ని పాకదని నిరూపించాలి.

అన్నిటికన్నా సన్నని దారి ఇంజను ఆగినప్పటిది. రెండు ఇంజన్లలో ఒకటి పరుగు మధ్యలో ఆగినా మిగిలిన దానితో క్షేమంగా ఎగరగలదని చూపాలి. దానికి పైలట్ ఏ వేగాన ముక్కెత్తాలో, ఏ వేగం నిలుపుకోవాలో పరీక్షలే తేల్చాలి. 2011 ఏప్రిల్ 2న అమెరికాలోని రాస్వెల్‌లో ఇదే పరీక్షలో ఒక జి650 కుడి రెక్క స్టాల్ అయి, విమానం నేలను ఒరుసుకొని కాలిపోయి, అందులోని నలుగురూ మరణించారు. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు రెక్క, స్వేచ్ఛాకాశంలోకన్నా తక్కువ కోణంలోనే స్టాల్ అవుతుంది. ఆ కోణాన్ని ముందుగా ఎక్కువగా అంచనా వేశారు. అంతకుముందు రెండు విహారాల్లో విమానం తనంతట తాను పక్కకు ఒరిగిన సంగతి నమోదైనా దాని మూలాన్ని లోతుగా వెదకలేదని దర్యాప్తు సంస్థ తేల్చింది. పడుగులో తెగిన పోగును అప్పుడే ముడివేయక మగ్గం ఆడిస్తే ఆ గీత చీర పొడవునా పాకుతుంది. ఇక్కడ పాకినది మనుషుల ప్రాణాలదాకా.

2009 మార్చి 6న సారస్ రెండో నమూనాకు జరిగినదీ ఇటువంటిదే. సుమారు 9,000 అడుగుల ఎత్తున ఎడమ ఇంజనును కావాలని ఆర్పి, తిరిగి రగిలించే పరీక్షలో విమానం అదుపు తప్పి బెంగళూరు శివార్లలోని బిడది దగ్గర కూలింది. వింగ్ కమాండర్లు ప్రవీణ్ కోటెకొప్ప, దీపేశ్ షా, స్క్వాడ్రన్ లీడర్ ఇళయరాజా ప్రాణాలు కోల్పోయారు. ఇంజనును తిరిగి రగిలించడానికి ముందుగా రాసి ఇచ్చిన క్రమమే సరికాదని విచారణ చెప్పింది. టెస్ట్ పైలట్ చేతిలోని ఆ ఒక్క కాగితం, రూపకర్తల బల్ల మీద తయారయ్యే గీతలన్నిటికీ సమానమైన శ్రద్ధతో, చివరి అక్షరం దాకా పరీక్షకు నిలిచి ఉండాలి. అక్కడ తప్పు రాసినవారి తప్పును మోసేది పైలట్ శరీరం.

తరువాత ఏళ్లపాటు పని నిలిచిపోయింది. మార్పులు చేసి పీటీ1ఎన్ అని పేరుపెట్టిన మొదటి నమూనా 2018 జనవరి 24న, వాయుసేన పరీక్షా విభాగపు పైలట్ల చేతుల్లో, బెంగళూరు హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయం నుంచి లేచి, 8,500 అడుగుల ఎత్తుకూ 145 నాట్ల వేగానికీ చేరి, 40 నిమిషాల తరువాత దిగింది. దాని వెనుక ఎన్.ఎ.ఎల్. చేపట్టినది 19 సీట్ల సారస్ మార్క్-2. సీట్లు పెరిగితే దేహం పొడవు పెరుగుతుంది, దేహంతోపాటు రెక్క మీది భారం పెరుగుతుంది; ఆ రూపకర్తలు మళ్లీ మొదటి పుట తెరిచి, ఒక్కో భాగానికీ ఎదురుగా కిలోలు రాసుకుంటూ పోవలసిందే.