‘అవధి’ అనగా హద్దు కాదు

కలన గణితమునకు తొలివాకిలి అవధి అను భావము. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్ పుస్తకములలో అవధి, అవిచ్ఛిన్నత అను పదములే కనిపించును. పదములు చక్కనివి. కాని వాటి వాడుక అర్థము విద్యార్థిని దారి తప్పించుచుండగా, బోధన దానిని సరిదిద్దుట అరుదు.

వాడుకలో అవధి అనగా హద్దు, గడువు. అందుచే ప్రమేయము తన అవధిని అందుకొనజాలదనియు, దాటజాలదనియు విద్యార్థి తలచును. రెండును పొరపాటులే. క్ష సున్నను సమీపించునపుడు ‘క్ష × సైన్(1/క్ష)’ యొక్క అవధి 0. ఆ ప్రమేయము 0ను అనంతముగా తాకుచు, దాటుచు పోవును.

కొత్తగూడ కూడలి వద్ద 2023 జనవరి 1న ప్రారంభమైన ఫ్లైఓవరును ఉదాహరణగా తీసికొనవచ్చును. దూరమునుబట్టి రోడ్డు ఎత్తు మారును, అదియే ప్రమేయము. ఒక్క బిందువునందు మాత్రము ఎత్తు తెలియదని ఊహింపుడు. ఇరువైపులనుండి సమీపించినపుడు ఎత్తు ఒకే విలువకు చేరువైనచో ఆ విలువయే అవధి. ఆ బిందువునందేమున్నదో అవధి అడుగదు. అక్కడి ఎత్తును అంతే యైనచో అవిచ్ఛిన్నత. ఇరువైపుల విలువలు వేరైనచో అది మెట్టు, అవధి లేదు.

‘చేరువ’ యనగా ఎంత? ఎంత స్వల్పమైన తేడాను కోరినను, ఆ తేడాను మించకుండునట్టి సామీప్యము బిందువు చుట్టును దొరకవలయును. బోల్జానో 1817లోను, కోషీ 1821లోను ఈ భావమునకు బాట వేయగా, వైయర్‌స్ట్రాస్ దానికి కచ్చితమైన రూపమిచ్చెను. ఇంతటి మహామహులకు శ్రమ కలిగించిన విషయము ఒక్క గంటలో బోధపడకున్న విద్యార్థి తప్పు కాదు.

‘కలము ఎత్తక గీయగలిగినదే అవిచ్ఛిన్నము’ అను మాటయు చాలదు. 1/క్ష రేఖాచిత్రము రెండు ముక్కలు. అయినను తన ప్రదేశమునందలి ప్రతి బిందువువద్దను ఆ ప్రమేయము అవిచ్ఛిన్నమే. సున్న ఆ ప్రదేశమున లేనేలేదు.

(క్ష² − 4)/(క్ష − 2) ఇచ్చినచో విద్యార్థి కొట్టివేసి, క్ష = 2 వద్ద అవధి 4 అని వ్రాయును; మార్కులు వచ్చును. సున్నతో భాగింపరాదు గదా, కొట్టివేయుట ఎట్లు చెల్లినదని అడుగువారు తక్కువ. క్ష 2ను సమీపించునే గాని 2 కాదు, అందుచే చెల్లినది. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలవానికి అవధి తెలిసినది. జవాబు రానివాడు నేర్చినది కొట్టివేతయే.