ఉడికింది గని, కాలలేదు

బెల్లంపల్లిలో కొత్త హోటల్ ఒకటి తెరిచారు. గాజు తలుపు, ఏసీ, పైకప్పు నుంచి వేలాడే ఎర్ర లాంతర్లు. బోర్డు మీద ‘ఏషియన్’ అని ఉంది. మెనూ కార్డు పెళ్లి పత్రిక కంటే బరువుగా ఉంది. మోమోలు, రామెన్, థాయ్ గ్రీన్ కర్రీ, నాలుగైదు సూపులు, వాటి కింద మనకు తెలిసిన ముఖాలు: ఫ్రైడ్ రైస్, నూడుల్స్, మంచూరియా. ఆదివారం సాయంత్రం మా బాపును తీసుకుని వెళ్లాను. బాపు సింగరేణిలో బొగ్గు బాయి దిగి రిటైరైన మనిషి. బయటి తిండంటే ఆయనకు మిర్చి బజ్జీ, చాయ్, అంతే. గ్రీన్ కర్రీ పాలకూర పప్పుకు చుట్టంలా ఉంది. నిమ్మగడ్డి వాసన లేని గ్రీన్ కర్రీ గురించి ఇంతకంటే చెప్పడం దండుగ. తర్వాత ఎగ్ ఫ్రైడ్ రైస్ వచ్చింది. బాపు రెండు చెంచాలు తిని ప్లేటు పక్కకు జరిపాడు.

“అన్నం ఉడికింది గని, కాలలేదు బిడ్డా. మంట సాలలే.”

కాంటనీస్ వంటవాళ్లు ‘వాక్ హే’ అనేది దీన్నే. వాక్ అంటే మూకుడు, హే అంటే ఊపిరి, సత్తువ. పొయ్యి మీద నుంచి దింపిన క్షణంలో వేపుడులో ఉండే కాస్త పొగ, కాస్త మాడు, ఘాటు కలిసిన వాసన అది. పది నిమిషాలు ఆగితే పోతుంది. పార్శిల్ కట్టించుకుని ఇంటికి తెచ్చుకున్న ఫ్రైడ్ రైస్ బండి దగ్గర నిలబడి తిన్న రుచి ఎందుకు ఇవ్వదో దీన్నిబట్టే తెలుస్తుంది.

నిప్పు సంగతి బాపుకు కొత్తగా చెప్పాల్సింది లేదు. కంపెనీ కార్మికుల ఇళ్లకు బొగ్గు ఇచ్చే రోజుల్లో మా క్వార్టర్ ముందర పొద్దున్నే బొగ్గు పొయ్యి రాజేసేవాళ్లం. పొగ పోయి కణకణ మండేదాకా అమ్మ దాని మీద గిన్నె పెట్టనిచ్చేది కాదు.

వాక్ అంటే గుండ్రటి అడుగున్న పల్చటి ఇనుప మూకుడు. మందం లేదు కాబట్టి వేడిని దాచుకోదు. మంట పెంచితే వెంటనే కాలుతుంది, తగ్గిస్తే వెంటనే దిగుతుంది. కొత్తదాన్ని కాల్చి, నూనె రాసి, మళ్లీ కాల్చి, నల్లగా నిగనిగలాడేదాకా చేస్తారు. దోసె అంటుకోకుండా లేవాలని కొత్త ఇనుప పెనానికి మన ఇళ్లలో చేసేదీ ఆ పనే. వంట మొదలుపెట్టేముందు ఖాళీ మూకుడును సన్నగా పొగ లేచేదాకా కాల్చి, అప్పుడు నూనె పోసి, ఒకసారి చుట్టూ తిప్పి, వెంటనే గుడ్డు కొడతారు. ఆ వేడికి గుడ్డు అడుగున అతుక్కోదు, పొంగి లేస్తుంది.

మిగతాదంతా తడితో పోట్లాట. నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతాయి. మెతుకు మీద తడి ఉన్నంతసేపు అది ఆ వేడిని దాటదు. తడి ఎగిరిపోయి, 140 డిగ్రీలు దాటాక గానీ మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి ఆ ఎర్రటి రంగు, ఆ కమ్మటి వాసన పుట్టవు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో ఈ చర్యను వివరించాడు. మన జొన్నరొట్టె మీది మచ్చలూ, వేయించిన పల్లీల వాసనా దాని పుణ్యమే. అందుకే రెస్టారెంట్ పొయ్యికి ఇంటి పొయ్యి కంటే ఎన్నో రెట్ల మంట కావాలి. ఇంటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటే హోటల్ సిలిండర్‌లో 19 కిలోలు ఉంటుంది. అసలు తేడా అందులో లేదు, గ్యాస్‌ను తోసే రెగ్యులేటర్‌లోనూ, జెట్టులా గర్జించే బర్నర్‌లోనూ ఉంది. ఇంత మంటా ఒక్క ప్లేటుకే సరిపోతుంది. మూడు ప్లేట్ల అన్నం ఒకేసారి మూకుట్లో పోస్తే లోహం చల్లబడి, తడి అక్కడే నిలిచి, అన్నం తన ఆవిరిలో తానే ఉడుకుతుంది. ఆదివారం రద్దీలో మాకు జరిగింది అదేనని నా అనుమానం.

ఆ అన్నం కూడా వేడి వేడిది పనికిరాదు. చల్లారిన అన్నంలో పిండిపదార్థం బిగుసుకుని, మెతుకు మెతుకుగా విడిపోతుంది. రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పసుపు వేసి పోపు పెట్టే అమ్మలకు చైనా వాళ్లు కొత్తగా నేర్పేదేమీ లేదు. ఒక్క జాగ్రత్త: వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని వదులుతుంది. ఆ విషం మళ్లీ వేయించినా పోదు. త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

“ఇదేం చైనీస్, మన దగ్గర పుట్టించిన నకిలీ” అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నాకు ఆ మాట నచ్చదు. వారెన్ హేస్టింగ్స్ గవర్నర్ జనరల్‌గా ఉన్న రోజుల్లో టాంగ్ అచ్యూ అనే చైనా వ్యాపారి కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున చక్కెర మిల్లు పెట్టాడు. ఆ చోటుకు అతని పేరు మీదే అచీపూర్ అని పేరు. తర్వాత వచ్చినవాళ్లలో హక్కాలు ఎక్కువ. హక్కా అంటే ‘అతిథి కుటుంబాలు’. వాళ్లు కలకత్తా అంచున టాంగ్రాలో తోళ్లు శుద్ధి చేసే పనిలో స్థిరపడ్డారు. 1962లో చైనాతో యుద్ధం రాగానే దేశంలోని చైనా సంతతి వాళ్లలో దాదాపు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవ్లీ శిబిరంలో పెట్టారు. బయటికి వచ్చాక చాలామంది దేశమే విడిచిపోయారు. ఆ మీదట 1996లో సుప్రీంకోర్టు టానరీలను ఊరి బయటికి తరలించమంది. తోళ్ల షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి, వాటిలో కొన్ని రెస్టారెంట్లయ్యాయి. పాత గనులు మూతపడ్డ ఊళ్లో కూర్చుని ఈ కథ చదివితే కొంచెం వేరుగా వినిపిస్తుంది.

ఆ కలకత్తాలోనే పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా వంటగదిలో, ఏదైనా కొత్తది చెయ్యమన్న కస్టమర్ కోసం అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించాడని, గరం మసాలా వేయాల్సిన చోట సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ వేశాడని చెబుతారు. అదే చికెన్ మంచూరియన్. చైనాలోని మంచూరియా ప్రాంతానికీ దీనికీ ఏ సంబంధం లేదు. మనం మాత్రం చివరి ‘న్’ తీసేసి ‘మంచూరియా’ అని, వంటకాన్ని కాస్తా ఆ ప్రాంతం చేసేశాం. కోడి పోయి గోబీ వచ్చింది, గోబీకి రంగు వచ్చింది. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. వెల్లుల్లి, మిర్చి నిజంగా వేగితే ఆ కుంకుమ ఎరుపు అక్కర్లేదు.

టేస్టింగ్ సాల్ట్ మీద కూడా ఒక మాట. జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో కొంబు అనే సముద్రపు నాచు రసం నుంచి గ్లుటమేట్‌ను వేరు చేశాడు. మరుసటి ఏడు అది అజినమోటో పేరుతో అంగట్లోకి వచ్చింది. పండిన టమాటాలో ఉండేదీ గ్లుటమేటే. 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికకు ఒక డాక్టర్ రాసిన లేఖతో దాని మీద భయం పుట్టింది. ఆ భయానికి తగ్గ రుజువు తర్వాతి పరీక్షల్లో నిలకడగా దొరకలేదు. నా ఫిర్యాదు వేరే. మంట చాలని చోట టేస్టింగ్ సాల్ట్ చెంచా పెద్దదవుతుంది.

మళ్లీ ఒక మంగళవారం మధ్యాహ్నం, జనం లేని వేళ, అదే హోటల్‌కు వెళ్లాం. ఒక్కటే ప్లేటు, ఎగ్ ఫ్రైడ్ రైస్, విడిగా చేయమన్నాం. వంటగది కిటికీ తెరిచి ఉంది. మాస్టర్‌కు ముప్పై ఏళ్లు ఉండవు. కాగజ్‌నగర్ పిల్లగాడు, హైదరాబాద్‌లో బండి మీద పని నేర్చుకున్నాడట. ఎడమ చేత్తో మూకుడు, కుడి చేత్తో గరిటె. మూకుడును పైకి ఎత్తడం లేదు. పొయ్యి అంచు మీద ఆనించి, ముందుకు తోస్తూ వెనక్కి లాగుతూ, ఏతంలా వంచుతున్నాడు. అన్నం అలలా లేచి మంట మీదుగా తిరిగి పడుతోంది. నూనె తుంపర ఒకసారి భగ్గుమంది. అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 2020లో ఈ విసురును కొలిచారు. సెకనుకు దాదాపు మూడు సార్లు. వేడి లోహం దగ్గర మెతుకు మాడకుండా కాలేది అలా గాల్లోకి వెళ్లి చల్లారి వస్తుంది కాబట్టే. చైనీస్ రెస్టారెంట్ వంటవాళ్లలో మూడింట రెండు వంతుల దాకా భుజం నొప్పి ఉండడానికి ఈ విసురే కారణమై ఉంటుందని కూడా వాళ్ల వ్యాసంలో ఉంది.

ఉల్లికాడలు చల్లి ప్లేటు పంపించాడు. బాపు ఈసారి ప్లేటు జరపలేదు. ఏమీ మాట్లాడకుండా మొత్తం తిని, చేయి కడుక్కుని, కిటికీ దగ్గరికి వెళ్లాడు.

“ఏ జబ్బ నొస్తది బిడ్డా?”

ఆ పిల్లగాడు ఒక్క క్షణం ఆగి ఎడమ భుజం తట్టి చూపించాడు.

“నాది కుడిది. పారతోని టబ్బులు నింపినం కద,” అన్నాడు బాపు.

ఇద్దరూ నవ్వారు. ఇంకో ఆర్డరు రావడంతో మాస్టర్ బర్నర్ పెంచాడు.