చాక్లెట్ ఆకు

ఇంట్లో చేసిన కేకు మీదో పుడ్డింగు మీదో నిలిపే చిన్న చాక్లెట్ అలంకారం చూడటానికి సులువుగా కనిపించినా, దాని వెనక ఉన్న పనితనం ఎంతో మెచ్చుకోదగినది. చాక్లెట్‌కు బిగువునూ మెరుపునూ ఇచ్చేది కోకో వెన్న, అంటే కోకో గింజల్లోని కొవ్వు. అది ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు గానీ, వాటిలో అయిదో రకమే నునుపుగా మెరుస్తూ, విరిస్తే టక్కున విరుగుతుంది. ఆ రకాన్ని రాబట్టే పద్ధతిని టెంపరింగ్ అంటారు: డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ వరకు కరిగించి, కలుపుతూ 27-28 డిగ్రీలకు చల్లార్చి, తిరిగి 31-32 డిగ్రీలకు వేడిచేస్తారు. ఈ క్రమం తప్పితే పైన తెల్లటి పొర తేలుతుంది. కొద్దిపాటి తడి తగిలినా చాక్లెట్ గరుకు ముద్దగా బిగుసుకుపోతుంది.

అలంకారాల్లో అన్నిటికంటే అందమైనది ఆకు. మందులు చల్లని గులాబీ ఆకును కడిగి, తడి లేకుండా తుడిచి, ఈనెలు ఉబ్బెత్తుగా ఉండే అడుగువైపున కుంచెతో చాక్లెట్ పూసి, గట్టిపడ్డాక తొడిమ పట్టుకుని మెల్లగా ఒలిస్తే, ప్రతి ఈనె అచ్చుపడిన చాక్లెట్ ఆకు చేతికొస్తుంది. పూత అంచులు దాటి అవతలివైపుకు పోతే మాత్రం ఒలిచేటప్పుడు విరుగుతుంది. కాగితపు పొట్లంతో గీసే తీగలు, పీలర్‌తో గీరే చుట్టలు ఇంతకంటే తేలిక.

కోకో వెన్న దాదాపు 34 డిగ్రీల వద్దే కరుగుతుంది కాబట్టి, కొబ్బరితోటల నీడన కోకో పండే గోదావరి జిల్లాల్లోనే వేసవి మధ్యాహ్నం ఈ పని సాగదు. తెల్లవారుజామున చేసి, గాలి చొరని డబ్బాలో పెట్టి, వడ్డించేదాకా ఫ్రిజ్‌లో ఉంచాల్సిందే.