పాలసీ అంటే ఎవరు?

2012 వేసవిలో మా నాన్న న్యూజెర్సీకి మా దగ్గరికి వచ్చారు. మూడోవారంలో గుండెల్లో నొప్పి అన్నారు. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచుకుని పంపించేశారు. వెనకాలే బిల్లు వచ్చింది. విజిటర్ ఇన్సూరెన్సు తీసుకున్నాం కదా అన్న ధైర్యంతో క్లెయిము పంపిస్తే, ఇది పాత జబ్బు కనుక డబ్బు ఇవ్వబోమని ఉత్తరం వచ్చింది. ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పిన మాట తెలుగులో ఇలా ఉంటుంది: "మా పాలసీ ప్రకారం మీ పాలసీ దీనికి వర్తించదు."

నాన్న పక్కనే కూర్చుని అంతా విన్నారు. "ఒరే, ఆ పాలసీ అనేవాడెవడో, వాడితోనే మాట్లాడతామని చెప్పు" అన్నారు.

అప్పుడు నవ్వాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ వాక్యంలో రెండుసార్లు వచ్చిన మాట, పుట్టుకనుబట్టి చూస్తే రెండు వేర్వేరు మాటలు. ఇన్సూరెన్సు పాలసీ ఇటాలియన్ 'పోలిజ్జా' నుంచి వచ్చింది. దాని వేరు రుజువు అనే అర్థమున్న గ్రీకు మాటలో ఉంది. కంపెనీ పాలసీ 'పోలితెయా' అనే మరో గ్రీకు మాట నుంచి, అంటే పౌరుల పాలన. పోలీసు దీనికి దగ్గర చుట్టం. మన ఊళ్ళలో పాలసీ అంటే మొదటిదే. 1956లో ఎల్.ఐ.సి. ఏర్పడ్డాక అది ఇంటిమాట అయిపోయింది. పాలసీ అంటే కట్టేది. కట్టినవాడిదే పాలసీ. అవతలివాడికి కూడా ఒక పాలసీ ఉంటుందనీ, అది మన పాలసీని కొట్టేస్తుందనీ నాన్నకి తెలియకపోవడంలో వింతేమీ లేదు.

ఈ రెండో పాలసీకి ప్రభుత్వమూ పత్రికలూ 'విధానం' అనే మాటని స్థిరం చేశాయి. 1986 జాతీయ విద్యా విధానం, 1991 పారిశ్రామిక విధానం, 2020లో మళ్ళీ విద్యా విధానం. ఈ అనువాదం మీద నాకు ఫిర్యాదుంది. వంటల పేజీలో ఆవకాయ 'తయారుచేయు విధానం' అని వేస్తారు. అక్కడ విధానం అంటే ఎలా చెయ్యాలన్నది. పాలసీ అంటే ఏం చెయ్యాలి, ఎవరికి చెయ్యాలి, ఎవరికి చెయ్యకూడదు అన్నది. నేను చదువుకున్న కంప్యూటర్ సైన్సులో ఈ తేడాని గట్టిగా పట్టుకుంటారు. 1970ల్లో కార్నెగీ మెలన్‌లో తయారైన హైడ్రా అనే ఆపరేటింగ్ సిస్టమ్ రోజుల నుంచీ మెకానిజం వేరు, పాలసీ వేరు అని చెబుతూనే ఉన్నారు. తాళం తిరగడం మెకానిజం. తాళంచెవి ఎవరి చేతికివ్వాలన్నది పాలసీ. 'విధానం' అనేసరికి రెండోది కూడా మొదటిదానిలా కనిపిస్తుంది. ఆవపిండి కలిపాక నూనె పొయ్యాలి అన్నంత సహజంగా, ఎవరూ కూర్చుని నిర్ణయించనట్టుగా.

హిందీవాళ్ళు 'నీతి' అంటారు. 2015లో నీతి ఆయోగ్ వచ్చినప్పుడు, అది ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాల కూర్పే అయినా, నా తెలుగు చెవికి నీతులు చెప్పే సంఘంలా వినబడింది. రాజనీతి, కుటిలనీతి లాంటి జంటల్లో తప్ప ఆ పాత అర్థాన్ని మనం వాడుకలో పోగొట్టుకున్నాం.

ఇంట్లో వాడే మాట 'పద్ధతి'. "ఇదేం పద్ధతి?" అంటే ఎదుటివాడు జవాబు చెప్పుకోవాలి. "ఇదేం విధానం?" అని వాకిట్లో నిలబడి ఎవరూ పోట్లాడరు. కట్టుబాటు అంటే కట్టినవాళ్ళు ఎక్కడో ఉండాలి. మన మాటల్లో మనిషి ఉన్నాడు, ఇంగ్లీషులోనే లేడు అని కొన్నాళ్ళు సంబరపడ్డాను. తర్వాత టీ హోటళ్ళలోని 'రెండు గ్లాసుల పద్ధతి' గుర్తొచ్చింది. దళితులకు వేరే గ్లాసు పెట్టిన చెయ్యి ఎవరిదో ఆ మాటలో ఎక్కడా లేదు. 'ఆనవాయితీ' సంగతీ అంతే. నేను మాత్రం? కన్సల్టెంటుగా నేను రాసిన పాస్‌వర్డ్ పాలసీల్లో తొంభై రోజులకోసారి మార్చాలని నిర్ణయించిన మనిషి పేరు ఒక్కదానిలోనూ లేదు.

తిరస్కరణ ఉత్తరాన్ని నాన్నకి తెలుగులో చదివి వినిపించాను. నాకు తెలియకుండానే ఆఫీసు తెలుగు నోటికొచ్చింది: "మీ క్లెయిము తిరస్కరించడమైనది."

నాన్న నా వైపు తిరిగారు. ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, డిప్యూటీ తాసిల్దారుగా రిటైరైన మనిషి.

"ఇది మా భాషేరా. 'డమైనది' అని రాస్తే రాసినవాడి మీదికి రాదు. పింఛనుకి పెట్టుకున్న ముసలమ్మకి నేనే రాశాను. వయసు కాగితం లేదని." కాసేపు ఆగారు. "కాగితం లేకపోతే ఏం, ఎదురుగా మనిషి ఉందిగా."

అప్పీలు రాద్దామన్నారు. మొదటి వాక్యంలోనే ఈ నిర్ణయం తీసుకున్నవారి పేరు తెలపమని అడగాలన్నారు. అలాగే రాశాను. జవాబు వచ్చేసరికి నాన్న తెనాలి వెళ్ళిపోయారు. మళ్ళీ తిరస్కరించడమే అయింది. బిల్లు పద్దెనిమిది వాయిదాల్లో తీర్చాను. ఫోన్లో సంగతి చెబితే డబ్బు మాట ఎత్తలేదు.

"కింద సంతకం ఉందా?"

"లేదు నాన్నా. క్లెయిమ్స్ డిపార్ట్‌మెంట్ అని ఉందంతే."

"మేం పొట్టి సంతకమైనా పెట్టేవాళ్ళం" అన్నారు.