‘ఉప్పెన’ చిత్రం: కులప్రశ్న నుంచి పురుషత్వప్రశ్నకు

వ్యాససంగ్రహం

2021లో విడుదలై ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన ‘ఉప్పెన’ అసమాన కులాల మధ్య ప్రేమను, పరువు పేరిట జరిగే హింసను ఇతివృత్తంగా స్వీకరించింది. కులం గురించి మొదలైన ఈ కథ పురుషత్వ చర్చగా ముగియడం వల్ల ఏమి మరుగున పడిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ఉప్పెన, కులం, పరువు, పురుషత్వం, మత్స్యకారులు, ఉప్పాడ, మాలపిల్ల, సైరాట్.

1. ఉపోద్ఘాతం

తెలుగు సినిమాలో గోదావరి సీమ చాలాకాలంగా అందానికి పర్యాయపదం. లాంచీ, లంక, కొబ్బరితోట, పచ్చని వరిచేను ఆ దృశ్యసంప్రదాయానికి గుర్తులు. దానిని దాటి, నది ఒడ్డు నుంచి సముద్రతీరానికి, రైతు లోగిలి నుంచి మత్స్యకారుల పేటకు కథను నడిపించిన చిత్రం ‘ఉప్పెన’. సానా బుచ్చిబాబు దర్శకత్వం వహించిన ఈ తొలి చిత్రం 2021 ఫిబ్రవరి 12న విడుదలైంది. 2023 ఆగస్టులో ప్రకటించిన 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. 2018లో మిర్యాలగూడలో జరిగిన పరువుహత్య జనం మనసులో ఇంకా పచ్చిగా ఉన్న కాలంలో వచ్చిన చిత్రమిది. కాబట్టి దీనిపై పెట్టుకున్న ఆశ ఒక సాధారణ ప్రేమకథపై పెట్టుకునే ఆశ కాదు. ఆ ఆశ ఎక్కడ, ఎందుకు భంగపడిందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. పరువు – ఊరి చూపు

ఉప్పాడ మత్స్యకార యువకుడు ఆశీర్వాదం (ఆసి), సంపన్నుడైన రాయణం కూతురు సంగీత (బేబమ్మ) ప్రేమించుకొని ఊరు విడిచి వెళ్తారు. ఆ తర్వాత రాయణం ప్రవర్తన గమనించదగ్గది. కూతురు వెళ్ళిపోయిందన్న బాధకన్న ఆ సంగతి నలుగురికీ తెలుస్తుందన్న భయమే అతనికి ఎక్కువ. అందుకే ఆమె ఇంట్లోనే ఉన్నదని ఊరిని నమ్మిస్తాడు. చిత్రంలోని అత్యంత విలువైన సామాజిక పరిశీలన ఇదే. పరువు మనిషి లోపలి గుణం కాదు, చుట్టూ ఉన్నవారి చూపులో నిలిచే స్థానం అని ఈ ఘట్టం చెబుతుంది.

ఈ తర్కాన్ని చివరివరకు అనుసరించి ఉంటే చిత్రం ఊరిని ప్రశ్నించవలసి వచ్చేది. రాయణం ఎవరి చూపుకు భయపడుతున్నాడు? ఆ చూపుకు అంత బలం ఎలా వచ్చింది? బంధువర్గం, వివాహసంబంధాలు, ఆస్తి, స్థానిక రాజకీయం ఆ బలానికి ఆధారాలు. కథ వీటి జోలికి వెళ్ళలేదు. విజయ్ సేతుపతి నటన రాయణానికి అసాధారణమైన గాంభీర్యాన్నిచ్చింది. కాని ఆ గాంభీర్యమే కులాన్ని ఒక వ్యక్తి ఉన్మాదంగా కుదించడానికి తోడ్పడింది. చిత్రంలో కులం మాట వినిపిస్తుంది గాని కులం చేసే పని కనిపించదు.

3. దేహహింస – ప్రశ్న మారిన చోటు

రాయణం పగ ఆసిని అంగచ్ఛేదానికి గురిచేస్తుంది. ఇటువంటి హింసకు చరిత్ర ఉంది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతి పురుషులపై సాగిన మూకహత్యలలో అంగచ్ఛేదం పలుమార్లు భాగమైంది. శ్వేతజాతి స్త్రీ పట్ల తప్పుగా ప్రవర్తించాడన్న ఆరోపణ తరచు అందుకు సాకు. ఆ క్రూరత్వం ఒక తండ్రి కోపం కాదు, ఒక జాతి తన ఆధిక్యాన్ని ప్రకటించుకునే పద్ధతి. కులం విషయంలోనూ తర్కం దీనికి దూరం కాదు. అంతర్వివాహమే కులానికి మూలలక్షణమని అంబేడ్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో ప్రతిపాదించారు. ఆ దృష్టితో చూస్తే ఆసి దేహంపై జరిగిన దాడి వివాహ సరిహద్దును కాపాడే చర్య.

పతాకఘట్టంలో బేబమ్మ తండ్రిని నిలదీస్తుంది. మగతనం ఒక అవయవంలో లేదని వాదించి ఆసి వద్దకు వెళ్తుంది. ఆ వాదం న్యాయమైనదే. కథానాయకుడి దేహబలాన్నే కొలమానంగా పెట్టుకున్న వాణిజ్య సినిమాలో అది సాహసం కూడా. అయితే కథ లేవనెత్తిన ప్రశ్న ఆసి మగవాడా కాడా అన్నది కాదు. అతడు ఆ ఇంటి అల్లుడు కావడానికి ఏది అడ్డుపడిందన్నది అసలు ప్రశ్న. బేబమ్మ మాటలు పురుషత్వానికి కొత్త నిర్వచనమిచ్చి కులాన్ని తాకకుండా పక్కకు తప్పుకున్నాయి. పైగా తీర్పు చెప్పే ఆ ఘట్టం తండ్రీకూతుళ్ళ సంభాషణగానే సాగుతుంది. ఆసి తండ్రి జాలయ్య మరణానికి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్నకు అందులో చోటు లేదు.

4. తీరజీవితం – సామాజిక స్థానం

షామ్‌దత్ ఛాయాగ్రహణంలో సముద్రం కన్నులపండువుగా ఉంటుంది. కాని వాస్తవంలోని ఉప్పాడ ఏటా కొంత సముద్రపు కోతకు గురయ్యే ఊరు. కాకినాడ – ఉప్పాడ తీరరహదారి అలల తాకిడికి పదేపదే దెబ్బతింటుంది. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. ఆ రోజుల్లో పేట ఎలా బతుకుతుంది, ఎవరి అప్పుపై ఆధారపడుతుంది అన్నవి రాయణం వంటివారి అధికారానికి మూలాలను చూపగల వివరాలు. వీటిని వదిలినందువల్ల చిత్రంలో ‘ఉప్పెన’ ప్రేమోద్వేగానికి ఉపమానంగా మిగిలింది.

ఆసి సామాజిక స్థానం కూడా అస్పష్టమే. ఆశీర్వాదం అన్న పేరు క్రైస్తవ నేపథ్యాన్ని సూచిస్తుంది, వృత్తి మత్స్యకారులది. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో మత్స్యకార కులాలది ఏ-వర్గం. క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డ్ కులాలవారిది సి-వర్గం. ఈ రెండు సమూహాల చరిత్రలు, అవమానాలు వేరు. రెండింటినీ కలిపి ‘పేదవాడు’ అన్న ఒకే ముద్ర వేయడం వల్ల కులం వర్గభేదంగా పలచబడింది.

5. తులనాత్మక పరిశీలన

గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ (1938) పేరులోనే కులాన్ని ప్రకటించింది. ప్రేమకథతోపాటు ఆలయప్రవేశ సమస్యను కూడా చేపట్టింది. గాంధేయ సంస్కరణవాదానికి ఉన్న పరిమితులు దానికీ ఉన్నాయి. అయినా ప్రేమికుల సమస్య ఊరి సమస్య అన్న గ్రహింపు అందులో ఉంది.

నాగరాజ్ మంజులే మరాఠీ చిత్రం ‘సైరాట్’ (2016) ఇతివృత్తరీత్యా ‘ఉప్పెన’కు మరింత దగ్గర. అక్కడా నాయకుడు చేపలుపట్టే ఇంటి బిడ్డ, నాయిక పలుకుబడిగల భూస్వామి కూతురు. ముగింపులో హంతకులు బంధువులుగా, కానుకలతో ఇంటికి వస్తారు. హత్య తర్వాత పసివాడి నెత్తుటి అడుగులు నిశ్శబ్దంలో మిగులుతాయి. అక్కడ కులం ఆప్యాయత వేషంలో రావడం వల్ల ప్రేక్షకుడు తన బంధుత్వాలను తానే అనుమానించవలసి వస్తుంది. ‘ఉప్పెన’లో దోషమంతా రాయణానిదే కనుక ప్రేక్షకుడు నిశ్చింతగా బేబమ్మ పక్షాన నిలబడగలడు.

6. ముగింపు

‘ఉప్పెన’ ఎంచుకున్న తీరం, ఇతివృత్తం, నాయికకిచ్చిన స్వరం తెలుగు సినిమాకు అవసరమైనవి. పరువు ఊరి చూపులో ఉంటుందని గ్రహించి కూడా ఊరిని విచారించకపోవడం, కులహింసకు పురుషత్వ నిర్వచనంతో సమాధానం చెప్పడం దాని ప్రధాన లోపాలు. ఈ చిత్రాన్ని కులవిమర్శకు నమూనాగా తరగతిగదిలో స్వీకరించేటప్పుడు బేబమ్మ సంభాషణ వద్ద ఆగిపోరాదు. రాయణం ఎవరి కోసం అబద్ధమాడాడో అక్కడి నుంచి చర్చ మొదలుకావాలి.